రెండు వరసల అంకెలు

తూకంలో తేడా వచ్చిందంటే తప్పు మూడు చోట్లలో ఒకచోట ఉండాలి: రాయిలోనైనా, త్రాసులోనైనా, తూచేవాడి చేతిలోనైనా. నాలుగో చోటు లేదు. తూనికలు కొలతల శాఖలో ఇరవై తొమ్మిదేళ్ళు గడిపిన ఇన్‌స్పెక్టరు ఈ సూత్రం మీదే ఉద్యోగం చేశాడు, సంసారమూ చేశాడు. బజారులో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. 'ముల్లు' అనేవారు. రాళ్ళు పెట్టాక త్రాసు ముల్లు నిలకడకు వచ్చేదాకా ఆయన కన్నార్పడు, ఊపిరి తీయడు. సన్నని త్రాసు మీద మనిషి ఊపిరి సోకినా ముల్లు చలిస్తుందని ఉద్యోగంలో చేరిన కొత్తలో పై అధికారి నేర్పిన పాఠం అది. పాఠం ఎంతగా వంటబట్టిందంటే, లారీలు తూచే కాటా ముందు కూడా ఆయన అలాగే ఊపిరి బిగపట్టి నిలబడేవాడు.

ఆ యేటి వైద్య పరీక్షలో ఆయన బరువు తొంభై నాలుగు కిలోలనీ, రక్తపోటు పైది నూట అరవై ఎనిమిది, కిందది నూట నాలుగనీ తేలింది. శాఖ ఉద్యోగులను పరీక్షించే డాక్టరమ్మ ఆ కాగితం ముందు పెట్టుకుని, ఇరవై కిలోల ఇనప గుండ్లు రోజుకు నలభైసార్లు ఎత్తే పనికి ఈ అంకెలతో పంపించలేనని చెప్పింది. నాలుగు నెలలు గడువిచ్చింది. రోజుకొక మాత్ర, ఉప్పు సగం, ముప్పావుగంట నడక; గుండ్లెత్తే పని అంతవరకూ అటెండరుది. గడువు నాటికి పైది నూట నలభై, కిందది తొంభై లోపలికి రాకపోతే తనిఖీల నుంచి తప్పించి లైసెన్సుల టేబులు దగ్గర కూర్చోబెడతారు. తనిఖీలో నెగ్గిన ప్రతి త్రాసు మీదా ఆయన స్వహస్తాలతో కొట్టే ఇత్తడి పిడి ముద్రను జూనియరుకు అప్పజెప్పాలి. ఆ జూనియరు ముల్లు కన్నా దుకాణదారు ముఖం ఎక్కువసేపు చూసే రకం. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుంది. ఆ రెండేళ్ళూ ముద్ర తన చేతిలోనే ఉండాలి. ఇన్‌స్పెక్టరు అంతకు మించి అప్పట్లో కోరుకున్నది ఏమీ లేదు.

ఆయన భార్య దర్జీ. ముందుగదిలో కుట్టుమిషను, పక్కన కటింగ్ టేబులు, గోడకు వేలాడే సగం కుట్టిన చొక్కాలు. రెండు బడుల యూనిఫారాలు ఆమే కుడుతుంది. ఆమె వృత్తి కూడా కొలతల మీదే నడుస్తుంది గాని, భర్త వాటిని కొలతల కింద జమకట్టేవాడు కాడు. గుడ్డ టేపు వాడగా వాడగా సాగుతుందని పెళ్ళైన కొత్తలో ఒకసారి హెచ్చరించాడు. ఆమె సరేనని తలూపి, ఆ టేపుతోనే ముప్ఫై ఏళ్ళుగా ఆయన ప్యాంట్లు కుడుతోంది. ఒక్కటి కూడా విప్పి మళ్ళీ కుట్టవలసి రాలేదన్న సంగతి ఆయన దృష్టికి వచ్చినట్టు లేదు.

నడకకు తోడుగా బామ్మర్ది వచ్చేవాడు. సైకిళ్ళ దుకాణం వాడిది. నోటికి గొళ్ళెం లేని మనిషి. మొదటివారం తిరిగి వచ్చేటప్పుడు ఇన్‌స్పెక్టరు రెండో అంతస్తు మెట్ల మలుపులో ఆగి, గోడకున్న కరెంటు మీటర్లను తదేకంగా చూసేవాడు. రొప్పు తగ్గేదాకా చూసేవాడు.

"మీటర్లు మీ శాఖ కిందికి రావు కదా బావా," అని బామ్మర్ది గుర్తుచేసేవాడు.

బరువు చూసుకునే కాటా కూడా ఆ బామ్మర్దే కొనుక్కొచ్చాడు. నెల తిరిగేసరికి కాటా తొంభై ఒకటి చూపించింది. వారం వారం ముప్పాతిక కిలో, మెట్లు దిగినట్టు. ఇంత సాఫీగా దిగే అంకెను ఆయన ఏ దుకాణంలోనూ నమ్మి ఎరగడు. పైగా కాటా తెచ్చింది బామ్మర్ది, గదిలో దాన్ని పెట్టే చోటు చూపించింది వాడి అక్క. లాభం కోసం చేసే మోసాన్ని పట్టుకోవడం తేలిక. ఎవరికి లాభమో చూస్తే చాలు. మేలు చేయబోయి చేసే మోసానికి ఆ ఆనవాలు ఉండదు. మగడు దిగులు పడకూడదని భార్య, బావ ముఖం వాడకూడదని బామ్మర్ది కలిసి ఒక మర తిప్పి ఉండరని నమ్మకమేమిటి?

మర్నాడే ఆఫీసు రిజిస్టరులో 'ఇంటి కాటా పరీక్ష నిమిత్తం' అని రాసి, సంతకం పెట్టి, నాలుగు ఇరవై కిలోల గుండ్లు రిక్షాలో ఇంటికి తెచ్చాడు. ఆయన ఎత్తకూడదు గనుక వాటిని మూడంతస్తులు మోసింది బామ్మర్ది. ఒక్కొక్క విడతకు ఒక్కొక్కటి. నాలుగోది దింపి వాడు గచ్చు మీద చతికిలపడ్డాడు.

"నీ బరువు తగ్గించమని డాక్టరమ్మ అంటే, నా ప్రాణం తగ్గిస్తున్నావేంటి బావా?"

ఇన్‌స్పెక్టరు వినిపించుకోలేదు. గుండ్లను కాటా నడుమ పెట్టి చూశాడు, నాలుగు మూలలా పెట్టి చూశాడు. కన్నార్పకుండా, ఊపిరి తీయకుండా చూశాడు. ఎనభై అంటే ఎనభై. కాటా నిర్దోషి. భార్య కుట్టుమిషను మీంచి తల ఎత్తి ఆయనవంకే కాసేపు చూసింది. కాటావంక చూడలేదు. ఆ చూపు ఆయన గమనించాడు గాని, దానికి అర్థం వేరే కట్టుకున్నాడు: పట్టుబడతానని భయపడి, ఈసారికి గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంటోందని.

కాటా నిర్దోషి అయితే, ఇంట్లో రక్తపోటు చూసుకోవడానికి తెచ్చిన బీపీ మిషను మిగిలింది. దానితో కొలిచే తంతు మొత్తం భార్య చేతిలో ఉంది. రోజూ పొద్దున ఆయన స్నానం చేసి వచ్చాక కటింగ్ టేబులు పక్కన కుర్చీలో కిటికీవైపు తిప్పి కూర్చోబెట్టేది. వెనక్కి ఆనుకోమనేది, పాదాలు నేలకు ఆనించమనేది, అయిదు నిమిషాలు ఊరికే ఉండమనేది. చెయ్యి టేబులు మీద చాపించి పట్టీ చుట్టేది. మిషను మాత్రం నీలం గుడ్డల కట్టకు అవతల ఉండేది. అంకె ఆమెకు కనబడేది, ఆయనకు వినబడేది.

"నూట ముప్ఫై ఎనిమిది, ఎనభై ఆరు."

రెండో నెలలో వినబడిన అంకెలు అవి. మూడో నెలకు నూట ముప్ఫై నాలుగు, ఎనభై రెండు అయ్యాయి. కిటికీవైపే ఎందుకు కూర్చోవాలని ఒకసారి అడిగాడు. వెలుతురు బాగుంటుందని చెప్పింది. వెలుతురు కావలసింది అంకె చదివేవాళ్ళకు గాని, చెయ్యి చాపినవాడికి ఎందుకు? ఇన్నేళ్ళ ఉద్యోగంలో త్రాసును ఖాతాదారు కంటికి చాటుగా పెట్టిన దుకాణాలు ఆయన ఎన్నో చూశాడు. ఒక్కదాన్నీ ఊరికే విడిచిపెట్టలేదు.

తనిఖీకి వెళ్ళే ముందు దుకాణదారుకు కబురు అందకూడదన్నది శాఖ నియమం. శనివారాలు మధ్యాహ్నం భార్య కుట్టిన బట్టలు బడికి చేరవేయడానికి వెళ్ళేది. ఆ శనివారం ఇన్‌స్పెక్టరు సంచీలోంచి మిషను తీసి, టేబులు మీద తన ఎదురుగా పెట్టుకుని, తానే పట్టీ చుట్టుకుని, ముందుకు వంగి అంకెల మీద చూపు నిలిపాడు. పట్టీ బుసకొట్టింది, బిగిసింది, వదిలింది. నూట యాభై ఎనిమిది, తొంభై ఎనిమిది.

డైరీలో రాసుకున్నాడు. తరవాతి శనివారం నూట యాభై ఆరు, తొంభై ఆరు. ఆ తరవాతి శనివారం నూట యాభై తొమ్మిది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు మిషనును ఎప్పటికప్పుడు సంచీలో పెట్టేసి, భార్య వచ్చేసరికి పేపరు చదువుతూ కూర్చునేవాడు.

ఇక దొంగ ఎక్కడున్నాడో తేల్చాలి. ముందుగా ఆమె నోటిని పరీక్షించాడు. మిషను దాచుకున్న చివరి అంకెను మళ్ళీ చూపించే మీట ఒకటి ఉంది. ఒక పొద్దున ఆమె 'నూట ముప్ఫై నాలుగు' అని చెప్పి వంటగదిలోకి వెళ్ళగానే ఆ మీట నొక్కి చూశాడు. నూట ముప్ఫై నాలుగే. నోరు అబద్ధమాడలేదు. తరవాత చేతిని పరీక్షించాడు. దర్జీ చేతులకు గుడ్డను వదులుగా చుట్టి బిగుతుగా కనబడేట్టు చేయడం కష్టమా? మర్నాడు ఆమె పట్టీ చుట్టాక కింద రెండు వేళ్ళు దూర్చి చూసుకున్నాడు. డాక్టరమ్మ చెప్పిన కొలతే. వేళ్ళు దూరాయి, మూడోది దూరలేదు. చెయ్యీ తప్పు చేయలేదు.

రాయి సరిగా ఉంది, త్రాసు సరిగా ఉంది, తూచే చెయ్యి సరిగా ఉంది. తూకం మాత్రం ఇరవై పైచిలుకు తేడా. ఆయన సూత్రంలో ఇటువంటి దుకాణానికి చోటు లేదు. చోటు లేనప్పుడు ఆయన అనుమానం తగ్గలేదు సరికదా, నిలవనీడ దొరకని బిచ్చగాడిలా ఇంటి నాలుగు గదులూ తిరగడం మొదలుపెట్టింది. అక్కాతమ్ముళ్ళు గుమ్మంలో గొంతు తగ్గించి మాట్లాడుకుంటే అందులో తన పేరు వినబడేది. ఉప్పు డబ్బా మూత తీసి మట్టం చూసేవాడు. మాత్రల పట్టీ వెనక అక్షరాలు భూతద్దంతో చదివేవాడు.

గడువుకు పది రోజుల ముందు, కత్తెర కోసం టేబులు సొరుగు లాగితే భార్య కొలతల పుస్తకం కనబడింది. ఖాతాదారుల నడుములు, భుజాలు, చేతుల పొడుగులు రాసుకునే పాత పుస్తకం. చివర్లో ఒక పేజీ మీద పేరు లేదు. ఉన్న కొలతలు మాత్రం తనవి. నడుము నలభై రెండు, నలభై ఒకటిన్నర, నలభై ఒకటి, ముప్ఫై తొమ్మిదిన్నర. దాని పక్కన రెండు వరసల అంకెలు. కుడి వరసలో నూట ముప్ఫై ఎనిమిది, నూట ముప్ఫై ఆరు, నూట ముప్ఫై నాలుగు. ఇవి పొద్దున చదివి వినిపించినవి. ఎడమ వరసలో నూట యాభై ఎనిమిది, నూట యాభై ఆరు, నూట యాభై తొమ్మిది.

ఇన్‌స్పెక్టరు డైరీ తెచ్చి పక్కన పెట్టుకున్నాడు. అంకెకు అంకె సరిపోయింది. తాను నొక్కిన మీటే ఆమె కూడా నొక్కింది; తన దొంగ శనివారాలన్నీ ఆమెకు తెలుసు. తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడుంటాడన్నమాట ఇదేనని ఆయనకు బోధపడింది.

పేజీ కింద ఇంకేవో రాసి ఉన్నాయి. 'మెట్లు: మీటర్ల దగ్గర ఆగలేదు.' 'లేసులు: మాట్లాడుతూ కట్టుకున్నారు.' 'నవ్వారు: రెండుసార్లు.' వీటికి ప్రమాణం ఏమిటో, నవ్వును దేనితో తూచిందో ఆయనకు అర్థం కాలేదు. వదిలేశాడు. అర్థమైనంతవరకూ చాలు: నిజమైన అంకెలు ఎడమవైపువని ఆమెకు తెలుసు. తెలిసి కూడా రోజూ పొద్దున కుడివైపువి ఏ కిటుకుతోనో పుట్టిస్తోంది. డాక్టరమ్మ మిషను ముందు ఆ కిటుకు పారదు. ముద్ర పోతుంది. పోయే ముందు మూడు నెలలు తనను మభ్యపెట్టిన మనిషి ముప్ఫై ఏళ్ళుగా తన కంచంలో అన్నం వడ్డించిన మనిషే. పుస్తకం ఎలా ఉన్నదాన్ని అలా పెట్టి సొరుగు మూశాడు. ఆమెను ఏమీ అడగలేదు. ముద్దాయిని ముందే అడిగితే సాక్ష్యం చెదిరిపోతుంది.

పరీక్ష రోజున ముగ్గురూ వెళ్ళారు. బామ్మర్ది వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. మొగుడూ పెళ్ళాలు లోపలికి వెళ్ళారు. బరువు ఎనభై ఏడు. డాక్టరమ్మ కనుబొమలెత్తి, ఏడు కిలోలు తగ్గించినవాళ్ళను తన దగ్గరికి వచ్చేవాళ్ళలో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చంది. ఇన్‌స్పెక్టరు ఆ మెప్పును రసీదు లేని సరుకులా చూసి ఊరుకున్నాడు. నర్సు స్టూలు చూపించింది. పొడుగాటి స్టాండు మీద మిషను, దాని అంకెలు సరిగ్గా ఆయన కళ్ళకెదురుగా. ఆయన ముందుకు వంగాడు. పట్టీ బిగిసింది.

నూట యాభై ఆరు, తొంభై ఆరు.

ఆయన భార్యవైపు తిరిగాడు. ఆయనవి ఓడిపోయినవాడి ముఖంలో కేసు గెలిచినవాడి కళ్ళు. డాక్టరమ్మ నిట్టూర్చి, ఫారం దగ్గరికి లాక్కుని పెన్ను మూత తీసింది.

"డాక్టరుగారూ, ఒక్కమాట," అంది భార్య. "కొలిచేటప్పుడు ఆయన ఊపిరి తీయలేదండీ."

"తీశాను," అన్నాడాయన.

"తీయలేదు. మెడ దగ్గర నరం చూడండి, ఇంకా అలాగే ఉంది. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను. గడియారం ముల్లు తిప్పినా అంతే, వంటగదిలో పిండి తూచినా అంతే. అంకె కనబడితే చాలు, ఊపిరి ఆగిపోతుంది ఆయనకి. ఆగిందని ఆయనకే తెలీదు."

డాక్టరమ్మ పెన్ను ఆపి, ఊపిరి బిగబడితే పోటు పెరగడం నిజమేననీ, స్టూలు మీద ముందుకు వంగి కూర్చోబెట్టడం కూడా తమ పొరపాటేననీ ఒప్పుకుంది. కానీ ఇంత తేడా ఉంటుందా అన్నట్టు చూసింది.

"మా పనిలో రోజూ చూస్తామండీ," అంది భార్య. "నడుం చుట్టూ టేపు వేశామంటే ఎవరైనా సరే పొట్ట లోపలికి లాగేస్తారు. ఆ కొలతకి కుడితే మర్నాడు గుండీ పట్టదు. టేపు తప్పు కాదు, నా చెయ్యి తప్పు కాదు. అందుకే టేపు చూపించను. ఏదో ఒకటి అడుగుతూ వెనకనుంచి కొలుస్తాను."

రాయి కాదు, త్రాసు కాదు, తూచే చెయ్యి కాదు. నాలుగో చోటు ఒకటుంది. పళ్ళెంలో కూర్చున్న సరుకు తనను తూస్తున్నారని తెలిసి బిగుసుకుంటే? బియ్యానికీ బంగారానికీ ఆ తెలివి లేదు గనుక ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ చోటు ఆయనకు తగల్లేదు.

డాక్టరమ్మ ఆయన్ను వీపు ఆనే కుర్చీలోకి మార్చి, పాదాలు కింద పెట్టించి, మిషనును గోడవైపు తిప్పించింది. అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. రెండుసార్లు కొలిచింది. నూట ముప్ఫై ఆరు, ఎనభై నాలుగు. నూట ముప్ఫై అయిదు, ఎనభై నాలుగు. నవ్వుతూ మళ్ళీ పెన్ను అందుకుంది.

"వద్దండీ," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఇద్దరు ఆడవాళ్ళూ ఆయనవంక చూశారు.

"ఒకే సరుకుకి రెండు తూకాలు రెండు రకాలుగా వస్తే మేం ముద్ర వేయం. ఎక్కువ వచ్చిందీ తీసుకోం, తక్కువ వచ్చిందీ తీసుకోం. ఆవిడ చెప్పిన కారణం సబబుగానే ఉంది. సబబుగా ఉన్న కారణాలు నేను చాలా దుకాణాల్లో విన్నాను. నాకు అంకె కనబడకుండా, ఆవిడ చెయ్యి తగలకుండా కొలిచే మార్గం లేదా?"

ఉందని డాక్టరమ్మ చెప్పింది. ఒక రోజంతా ఒంటికి కట్టుకునే చిన్న మిషను. పగలు అరగంటకొకసారి దానంతట అదే కొలుస్తుంది. అంకె పైకి చూపించదు. పగటి సగటు నూట ముప్ఫై అయిదు, ఎనభై అయిదు లోపల ఉండాలి. ఇక్కడి లెక్కలూ దీని లెక్కలూ వేరు, దీని గీత ఇంకా కిందికి ఉంటుంది. దాటితే తాను ఇక చేయగలిగింది ఉండదని కూడా చెప్పింది. చేతికి వచ్చిన ముద్రను ఆయన తానే మళ్ళీ పళ్ళెంలో పెట్టాడు.

బామ్మర్ది సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు.

"అందిన ద్రాక్షపండుని, పుల్లగా ఉందేమోనని మళ్ళీ తీగకే కట్టి రావడం నిన్నే చూశాను బావా."

మిషను కట్టి పంపుతూ డాక్టరమ్మ ఆ రోజును మామూలు రోజులా గడపమంది. ఇన్‌స్పెక్టరు ఆఫీసుకు వెళ్ళాడు, జూనియరు ముందు కాగితాలు తిరగేశాడు, సాయంత్రం బామ్మర్దితో నడిచాడు. నడుముకు కట్టిన నల్లపెట్టె అరగంటకొకసారి గుర్రుమని, చేతికి చుట్టిన పట్టీని బిగించేది. ప్రతిసారీ ఆయన చూపు దానివైపు పోయేది. నల్లని అద్దంలో తన గడ్డం కనబడేది, అంతే. కాసేపటికి చూడడం మానేశాడు. మెట్లెక్కి ఇంటికి వచ్చి బూట్లు విప్పుకోబోతే, భార్య కుట్టుమిషను ఆపి అటే చూస్తోంది.

"ముందే చెప్పచ్చుగా," అన్నాడు వంగి లేసు లాగుతూ.

"చెప్తే ఏం చేస్తారు? ఊపిరి మీద తనిఖీ మొదలెడతారు. ఎన్ని తీశాను, ఎంతసేపు తీశాను అని డైరీలో రాస్తారు. అప్పుడు అదీ బిగుసుకుంటుంది."

ఆయన రెండో బూటు విప్పాడు.

"నువ్వు నన్ను మోసం చేస్తున్నావనుకున్నాను."

"తెలుసు. శనివారాలు మిషను సంచీ జిప్పు ఎడమవైపు లాగి పెట్టేవారు. నేను కుడివైపు మూస్తాను."

"బాధ వేయలేదా?"

ఆమె దారం కొరికి, కుట్టు తిప్పి చూసుకుంది.

"వేసింది. అయితే మీరు అనుమానం లేకుండా ఏ దుకాణంలోకి వెళ్ళారు గనక? ఇదీ ఒక దుకాణమే అనుకున్నాను. సరుకు మంచిదైతే భయమెందుకు అనుకున్నాను."

ఇన్‌స్పెక్టరు చాలాసేపు బూట్లు సర్దాడు. ఆ బూట్లకు అంత సర్దుబాటు అవసరం లేదు. ఆఖరుకు, పుస్తకంలో ఆ నవ్వుల లెక్క ఎందుకు రాశావని అడిగాడు. డాక్టరమ్మ మొదటిరోజే తనను పక్కకు పిలిచి, ఈయన ఇంట్లో ఎలా ఉంటున్నారో కూడా చూస్తుండమందని ఆమె చెప్పింది. బరువుకు కాటా ఉంది, పోటుకు మిషను ఉంది. దీనికి ఏమీ దొరక్క, కళ్ళకు కనబడ్డవి రాసుకుంది. గడువు ఇచ్చిన రోజున ఆయన లేసులు కట్టుకోవాలంటే ముఖం ఎర్రబారి, మధ్యలో లేచి కూర్చునేవాడు. రెండో నెలలో వంగి ఉండగానే బామ్మర్దిని ఏదో తిట్టాడు. అది కొలతేనని ఆమెకు తోచింది.

"నవ్వింది రెండుసార్లేనా?" అన్నాడాయన.

"ఆ వారంలో రెండు. అంతకు ముందు నెలంతా కలిపి ఒక్కటీ లేదు."

అప్పుడే నల్లపెట్టె గుర్రుమంది. ఆయన చెయ్యి అలవాటుగా ఒళ్ళో నిలిపాడు. ఆమె గోడకున్న చొక్కావైపు చూస్తూ, ఈ కాలరు ఎత్తు ఎక్కువైందా అని నెమ్మదిగా అడిగింది. సమాధానం చెప్పకుండా ఉండాలని ఆయనకు తెలుసు; కొలిచేటప్పుడు మాట్లాడకూడదు. ఆమెకూ తెలుసు. ఆయన కాలరువైపు చూశాడు. పట్టీ వదిలాక, కొంచెం ఎక్కువే అన్నాడు.

మర్నాడు డాక్టరమ్మ కాగితం అచ్చు తీసి ఆయన ముందుకు జరిపింది. ఆయన ముందుగా నల్లపెట్టెను తిరగేసి, వెనక అంటించిన పరీక్ష తేదీ చూశాడు. దాని గడువు మిగిలే ఉంది. అప్పుడు కాగితం చూశాడు. పగటి సగటు నూట ముప్ఫై మూడు, ఎనభై రెండు. గీతకు రెండడుగులు ఇవతల.

ఇందులో మాత్ర వాటా ఎంత, నడక వాటా ఎంత, తగ్గిన ఏడు కిలోల వాటా ఎంత అని అడిగాడు. విడదీసి తూచే త్రాసు తన దగ్గర లేదని, అందుకని మూడింట్లో ఏదీ మానవద్దని డాక్టరమ్మ చెప్పి సంతకం పెట్టింది. గుండ్లు పెద్దవి అటెండరే ఎత్తాలి. చిన్నవి ఆయన ఎత్తవచ్చు, ఎత్తేటప్పుడు మాత్రం ఊపిరి వదలాలి. ఆ చివరి మాట ఆయనతో కాక ఆయన భార్యతో చెప్పింది.

సోమవారం ఇన్‌స్పెక్టరు ముద్ర సంచీలో వేసుకుని బంగారు దుకాణానికి వెళ్ళాడు. ముల్లుగారు చిక్కారే అని దుకాణదారు పలకరిస్తే, కాటా అలా అంటోంది అని జవాబిచ్చాడు. గాజుపెట్టెలోని సన్నని త్రాసు రెండు పళ్ళేల్లోనూ చిన్న పట్టకారుతో సమానమైన రాళ్ళు పెట్టి, ముందుకు వంగి, ముల్లు మీద చూపు నిలిపాడు. ముల్లు ఊగుతోంది. కాసేపటికి మెడ దగ్గర ఏదో బిగుసుకున్నట్టు అనిపించింది. అది ఏమిటో ఈసారి ఆయనకు తెలిసింది. ఊపిరి వదిలాడు. ముల్లు తుళ్ళిపడింది.

ఆయన నిటారుగా నిలబడి గాజుపెట్టెను పరిశీలనగా చూశాడు. దానికి ముందువైపు చిన్న తలుపు ఉంది. చూసేవాడి ఊపిరి త్రాసుకు తగలకూడదనే ఆ పెట్టెను తయారుచేసినవాడు ఆ తలుపు పెట్టాడు. ఇన్నేళ్ళుగా అది అక్కడే ఉంది.

తలుపు మూశాడు. హాయిగా గాలి పీలుస్తూ, వదులుతూ చూస్తూ నిలబడ్డాడు. ముల్లు తన తీరికలో తాను ఊగి ఊగి, సరిగ్గా నడిగీత మీద నిలిచింది. ఇక ముద్ర పడుతుందని దుకాణదారు ముందుకు వచ్చాడు. ఇన్‌స్పెక్టరు మళ్ళీ తలుపు తీసి, ఎడమ పళ్ళెంలోని రాయిని కుడి పళ్ళెంలోకీ, కుడి దాన్ని ఎడమలోకీ మార్చి, ఇంకొకసారి తూచాడు.